బెంచీ అంటే వెయిటింగ్ లిస్టు కాదు

మన హాస్టల్లో ఫుట్‌బాల్ గొడవలన్నీ చివరికి ఒక్క చోటికే వచ్చి ఆగుతాయి. ఎవర్ని కొనాలి? ఆర్సెనల్ ఫ్యాన్‌కి స్ట్రైకర్ కావాలి. యునైటెడ్ ఫ్యాన్‌కి అందరూ కావాలి. పొద్దున ల్యాబ్ ఉన్నా సరే, రాత్రి ఒంటిగంట దాకా ఇదే పంచాయితీ. మధ్యలో ఎవరు ఆడాలి, వాడికి కాలు పట్టేస్తే వాడి చోట్లో ఎవరు దిగాలి అని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో మొదట అడగాల్సింది అదే. పదకొండు పేర్లు ఎవరైనా రాస్తారు. టీమ్ బలం తెలిసేది పన్నెండో పేరు నుంచి.

దీనికి సాక్ష్యం కోసం మాంచెస్టర్ దాకా పోనక్కర్లేదు. 2022 మార్చి 20, గోవా ఫతోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కి మధ్య. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు, కేరళ 1-0. ఆ సీజన్లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ తీసుకున్న ఒగ్బెచే మన జట్టులోనే ఉన్నాడు. కానీ 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది అతను కాదు, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మిడ్‌ఫీల్డర్ సాహిల్ తవోరా. బాక్స్ బయట గాల్లో వచ్చిన బంతిని కింద పడనీకుండానే లాగి కొట్టాడు. ఆ తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది.

అది లక్ అని కొట్టేసేవాళ్ళు ఉంటారు. ఆ షాట్ వరకు ఒప్పుకుంటాను, మళ్ళీ పదిసార్లు కొట్టమంటే ఒకసారి పడుతుందేమో. కానీ ఓడిపోతున్న ఫైనల్లో, చివరి ఇరవై నిమిషాల్లో దింపడానికి కోచ్ మనోలో మార్కెజ్ దగ్గర ఒక మిడ్‌ఫీల్డర్ రెడీగా ఉండటం లక్ కాదు. కెప్టెన్ జోవో విక్టర్, సౌవిక్ చక్రబర్తి, హితేశ్ శర్మ లాంటోళ్ళు ఉన్న చోట తవోరాకి మొదటి పదకొండులో చోటు దొరకడమే కష్టం. అయినా అతన్ని ఉంచుకున్నారు, ఆడించారు, ఫైనల్లో నమ్మారు.

మిడ్‌ఫీల్డ్ గురించే ఎందుకింత పట్టుదల అంటే, మన భాషలో చెప్తా. స్ట్రైకర్ ఫామ్‌లో లేకపోతే ఫోన్లో ఒక యాప్ పనిచేయనట్టు. మిడ్‌ఫీల్డర్ లేకపోతే వైఫై పోయినట్టు. వెనకోళ్ళకి బంతి ఎవరికివ్వాలో తెలీదు, ముందోళ్ళకి బంతి రాదు. పైగా టీమ్‌లో ఎక్కువ పరిగెత్తేది కూడా సాధారణంగా వీళ్ళే. అంటే ఎక్కువ అలిసిపోయే చోటు, పోతే ఎక్కువ నష్టం వచ్చే చోటు, రెండూ ఒకటే. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో అందరం రాసుకున్నాం కదా, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని. అదన్నమాట.

మాంచెస్టర్ సిటీనే చూడండి. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు లీగ్ టైటిళ్ళు. 2024 సెప్టెంబర్లో ఆర్సెనల్ మ్యాచ్‌లో రోద్రీ మోకాలి లిగమెంట్ తెగింది. మరుసటి నెలలోనే అతనికి బాలన్ డోర్ వచ్చింది, కానీ ఊతకర్రలతో స్టేజీ ఎక్కాడు. సిటీ ఆ సీజన్ మూడో స్థానంలో ముగించింది. డబ్బుల్లేక కాదు. రోద్రీకి తోడుగా ఉంటాడని 2022లోనే కాల్విన్ ఫిలిప్స్‌ని కొన్నారు. రోద్రీ పడిపోయిన రోజుకి ఆ ఫిలిప్స్ లోన్ మీద ఇప్స్‌విచ్‌లో ఉన్నాడు! కోవాచిచ్ ఉన్నాడు, గుండోగన్ తిరిగొచ్చాడు. పేర్లకి కొదవలేదు, రోద్రీ చేసే పని చేసేవాడే లేడు. కాబట్టి డెప్త్ అంటే తలలు లెక్కపెట్టడం కాదు. ప్రతి పనికీ ఇంకో మనిషి ఉన్నాడా అని చూడటం.

ఇక్కడ లివర్‌పూల్ ఫ్యాన్స్ లేస్తారని తెలుసు. అదే సీజన్లో వాళ్ళు దాదాపు ఒకే ముగ్గురితో, గ్రావెన్‌బెర్ఖ్, మాకలిస్టర్, సొబోస్లాయ్‌తో లీగ్ కొట్టారు కదా, బెంచీ ఎందుకు అంటారు. మంచి పాయింటే. కానీ ఆ కథ ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. డిఫెన్స్ ముందు ఆడించడానికి జుబిమెండీ కావాలనుకున్నారు, అతను రానన్నాడు. అప్పుడు కోచ్ స్లాట్ అంతకుముందు సీజన్లో ఎక్కువగా బెంచీ మీద ఉన్న గ్రావెన్‌బెర్ఖ్‌ని ఆ చోట్లో పెట్టాడు. అంటే లివర్‌పూల్ కూడా బెంచీతోనే గెలిచింది, కాకపోతే సీజన్ మొదట్లోనే వాడేసింది. ఆ ముగ్గురిలో ఒకరికి నవంబర్లో మోకాలు పోయుంటే ఏమయ్యేదో సిటీ వాళ్ళని అడగండి.

ఇంకొంచెం వెనక్కి పోదాం. 1970 దాకా ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేదు. దిగిన పదకొండు మందే చివరిదాకా. మరి అప్పుడు డెప్త్ ఎక్కడుండేది? దానికి జవాబు మన హైదరాబాద్ మనిషే చెప్పాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి టీచర్. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాకి నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. 'మైదాన్' సినిమా చూసినోళ్ళకి తెలుసు. అలవాటు లేని కాలితో ఆడటానికి ఆయన పనిగట్టుకుని పోటీలు పెట్టేవాడు. ఆ జకార్తాలోనే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపాడు. కొరియాతో ఫైనల్ 2-1, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. బెంచీ లేని రోజుల్లో ఆయన బెంచీని ఆటగాళ్ళ కాళ్ళలో దాచాడు.

ఇప్పుడు రూల్ మారింది. 2020లో కరోనా పుణ్యాన వచ్చిన ఐదు సబ్‌స్టిట్యూషన్లు 2022లో పర్మనెంట్ అయ్యాయి. పదకొండులో ఐదుగురు మారొచ్చంటే దాదాపు సగం టీమ్. ఇంకా "ఫస్ట్ లెవెన్" అని మాత్రమే మాట్లాడటం పాత సిలబస్‌తో పరీక్షకి పోవడమే.

మాది బద్వేలు. మా ఊర్లో ఫుట్‌బాల్ పెద్దగా లేదు, క్రికెట్, వాలీబాల్, అంతే. కానీ డెప్త్ సంగతి మా సీమోళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా పక్కన పోరుమామిళ్ళ చెరువుంది, 1369 నాటి శాసనం ఉన్న చెరువు. విజయనగర కాలంలో అంత పెద్ద చెరువు తవ్వించింది వానొచ్చిన ఏడు కోసం కాదు, రాని ఏడు కోసం. మా జేజినాయన అంటుంటాడు, "పైరు జూసి గాదు అబ్బీ, చెరువు జూసి అప్పియ్యాల" అని. మొదటి పదకొండు పైరు. బెంచీ చెరువు.

హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎండిపోయింది ఆ చెరువే. కప్పు గెలిచిన కొన్ని నెలలకే సౌవిక్ ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. అయినా 2022-23లో రెండో స్థానం వచ్చింది, అందుకే ఎవరికీ భయమేయలేదు. 2023లో మార్కెజ్, ఒగ్బెచే, ఆకాశ్ మిశ్రా వెళ్ళిపోయారు. జీతాలు బాకీ పడ్డాయి, కొత్తోళ్ళని తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, సీజన్ మధ్యలో ఇంకా చాలామంది పోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. మిగిలిన కుర్రోళ్ళని తిట్టడం అన్యాయం, వాళ్ళు ప్రతి వారం దిగి ఆడారు. చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి మారిపోయి పేరు కూడా మార్చుకుంది. ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన మన టీమ్ ఇప్పుడు మనది కాదు. ఇది ఒక్క మిడ్‌ఫీల్డ్ వల్లే జరిగిందని నేననను, మూలం డబ్బే. కానీ డబ్బు ఆగితే ముందు ఖాళీ అయ్యేది ఎక్కడో చూశాం కదా.

ఇదంతా మన కాలేజీ టీమ్ గురించి కూడా. ప్రాక్టీస్‌కి ఇరవై మంది దాకా వస్తారు. మధ్యలో ఆడేది మాత్రం ఎప్పుడూ ఆ ముగ్గురు ఫైనలియర్ అన్నలే. బాగా ఆడతారు, కాదనను. జూనియర్లు గోల్‌పోస్ట్ వెనక బంతులు ఏరుకొస్తారు. నేనూ ఆ బ్యాచే, కాబట్టి నా స్వార్థం కూడా ఇందులో ఉందనుకోండి, పర్లేదు. కానీ మేలో ముగ్గురూ ఒకేసారి వెళ్ళిపోతారు. జూన్‌లో మన మిడ్‌ఫీల్డ్ ఎవరు? ప్రతి ఏడాదీ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టే టీమ్‌కి సీనియారిటీ ఉంటుంది గానీ చరిత్ర ఉండదు.

కొత్త జెర్సీలు, కొత్త కోచ్ అడగట్లేదు. ప్రాక్టీస్ మ్యాచ్‌లో రెండో సగం ఆ ముగ్గురిలో ఒక్కరు పక్కకి జరిగి, ఒక జూనియర్‌ని మధ్యలో దించి, బయట నుంచి అరిచి నేర్పించండి. ఖర్చు లేదు, పర్మిషన్ అక్కర్లేదు. మొదట్లో నాలుగు మ్యాచ్‌లు ఓడతాం, ప్రాక్టీస్ మ్యాచ్‌లే కదా. అన్నలూ, ఈ శనివారం నుంచే మొదలుపెడదామా?