లెక్క కోసం చెప్పిన వివరం కోతకు వాడొద్దు

2024 నవంబరులో మొదలైన తెలంగాణ ఇంటింటి సర్వేలో మూడున్నర కోట్ల మంది తమ కులం, చదువు, ఉపాధి, భూమి, అప్పుల వివరాలు చెప్పారు. రేషన్, కరెంటు, ఆస్తిపన్ను, వాహనాల రికార్డులు ఎలాగూ ఆయా శాఖల దగ్గర ఉన్నాయి. వీటన్నిటినీ జతచేసి చూడాలన్న తొందర ఇప్పుడు ప్రతి ప్రభుత్వానికీ ఉంది. ఆ పనికి దిగేముందు, ఇదివరకు జతచేసినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి.

సమగ్ర వేదిక పేరుతో తెలంగాణలో పలు శాఖల రికార్డులను ఒక్కచోటికి తెచ్చారు. పేరు, చిరునామా వంటివి పోల్చి, ఈ రెండు రికార్డులూ ఒకే మనిషివని కంప్యూటర్ అంచనా కడుతుంది. ఆ అంచనాతో రేషన్ కార్డులు ఏరేశారు. ఎన్నో కుటుంబాలకు నోటీసు రాలేదు, ఇంటికొచ్చి చూసిన మనిషీ లేడు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారుందని తేల్చేశారు. ఆ కారు దాదాపు అదే పేరున్న వేరొకరిది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అన్నేళ్లూ ఆ ఇళ్లలో అర్హులైనవాళ్లు బియ్యం కొనుక్కునే తిన్నారు.

మన పేర్ల సంగతి మనకు తెలియనిదా? ఇంగ్లిషులో లక్ష్మిని ఒక ఆఫీసు ఒకలా రాస్తే, పక్క ఆఫీసు ఇంకోలా రాస్తుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరం. పెళ్లయిన అమ్మాయికి టెన్త్ మెమోలో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు. ఒకే వీధిలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు, అందులో ఇద్దరి తండ్రులూ రామయ్యలే. ఊళ్లో పోస్ట్‌మన్‌కి ఎవరు ఎవరో తెలుసు. కంప్యూటర్‌కి తెలియదు.

రికార్డులు కలిపి చేసే పరిశోధన వద్దని అనడం లేదు. ఏ మండలంలో పిల్లలు బడి మానేస్తున్నారు, ఏ వలస కుటుంబాలకు టీకాలు అందడం లేదు అన్నవి తెలియాలంటే అది కావాలి. అక్కడ వందకు రెండు జతలు తప్పినా, ఆ తప్పులు ఏ ఒక్క వర్గం మీదో పడకపోతే, మొత్తం లెక్క నిలబడుతుంది. అదే తప్పు కోటి కార్డుల మీద పడితే రెండు లక్షల ఇళ్లలో గిన్నె ఖాళీ.

లెక్కకూ కోతకూ మధ్య ఈ గీతను చట్టం ఎప్పుడో గీసింది. జనగణనలో చెప్పిన వ్యక్తిగత వివరాలు గోప్యమని 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ అంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు, గణాంకాలకు మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి గురించీ నిర్ణయం తీసుకోకూడదని షరతు పెట్టింది. కనుక పరిశోధనకిచ్చే ఫైల్లో పేర్లు, నంబర్లు తీసేయాలి. ఆ ఫైలు కార్డులు రద్దుచేసే అధికారి టేబుల్ మీదకు రాకూడదు. రద్దు తప్పదనుకుంటే ముందు నోటీసు ఇవ్వాలి, మనిషి ఇంటికెళ్లి చూసి సంతకం పెట్టాలి.

మీ కార్డు తీసేశారని రేషన్ డీలర్ చెబితే ఊరుకొని తిరిగొచ్చేయకండి. ఏ రికార్డుతో మీ పేరు జతచేశారో చెప్పమని తహసీల్దార్ ఆఫీసులో కాగితం మీద అడగండి. రసీదు తీసుకోండి.