‘అసుర’ శబ్దము వినగానే ఉలికిపాటు ఎందులకు?



మొన్నటి వేసవి సెలవులలో మా మేనల్లుని కుమారుడు హైదరాబాదు నుండి నెల్లూరు తీరమునందలి మా గ్రామమునకు వచ్చెను. ఒకనాడు సాయంసంధ్య వార్చుకొని, అరుగుపై కూర్చుండి ల్యాప్‌టాప్‌లో ఒక ఆట ఆడుచుండెను. దాని పేరు ‘అసుర’. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న స్వతంత్ర సంస్థ 2017లో దానిని వెలువరించినది. అందు కథానాయకుడు అసురుడే. దేవాలయమునకు వచ్చిన పెద్దలు కొందరు అది చూచి, “అసురుని నాయకునిగా నిలుపుట అపచారము, ఇట్టివానిని నిషేధింపవలెను” అనిరి. బాలుడు తల వంచుకొని ల్యాప్‌టాప్ మూసివేసెను. నన్ను బాధించినది ఆట కాదు, ఆ మాట.

వారి పూర్వపక్షమును విచారింతము. ఋగ్వేదమున వరుణుని ‘అసుర’ శబ్దముతో స్తుతించు మంత్రములు కలవు. అచట ప్రాణబలము గలవాడని అర్థము. భాగవతమున షష్ఠస్కంధమందలి వృత్రుడు, సప్తమమందలి ప్రహ్లాదుడు, అష్టమమందలి బలి, ముగ్గురును అసురులే. వారి కథలను విడిచి పురాణకాలక్షేపము చేయగలమా? మన తోలుబొమ్మలాటలో రావణుని బొమ్మ తెరపైకి రాకుండ రామకథ ముగియునా? కేతిగాని హాస్యమును, రావణుని దర్పమును ఒకే తెరపై చూచిన జాతి మనది. నేడు తెర మాత్రమే మారినది.

“అందు ఖడ్గప్రహారములు తప్ప ఏమున్నవి?” అందురేమో. నిజమే, అది వినోదమే గాని వేదాంతగ్రంథము కాదు. అయినను దాని నడకను గమనింపుడు. ఆడువాడు స్కిల్ ట్రీ అను శక్తివృక్షము నుండి ఒక్కొక్క శక్తిని సంపాదించి అసురుని దేహమునకు చేర్చును. మరణించెనా, మరల మొదటికే రావలెను. ఆ వృక్షము సైతము కొత్త రూపము దాల్చును.

ఛాందోగ్యము అష్టమాధ్యాయమున ఇంద్రవిరోచనులు ప్రజాపతిని ఆశ్రయించిరి. ముప్పదిరెండేండ్లు బ్రహ్మచర్యము సలిపి, నీటిలో అలంకృతమైన తన ప్రతిబింబమును చూచి, దేహమే ఆత్మయని తృప్తిపడి విరోచనుడు వెడలిపోయెను. ఇంద్రుడు సందేహించి మరల మరల వచ్చి, నూటొక్క ఏండ్లకు తత్త్వము నెరిగెను. అసురత్వమనగా కొమ్ములు, కోరలు కావు, దేహాత్మబుద్ధియే. దేహమునకు కూర్చినదంతయు మరణము హరించునని ప్రతి పర్యాయమును చూపు ఈ ఆట, తెలిసియో తెలియకయో విరోచనుని మతమునే ఖండించుచున్నది.

ఆ రాత్రి బాలునితో ల్యాప్‌టాప్ మరల తెరిపించి అడిగితిని: “చచ్చినప్పుడల్లా నీకు మిగిలేది ఏమిట్రా?”

“శక్తులన్నీ పోతాయి తాతయ్యా. ఎక్కడ దెబ్బ తగులుతుందో మాత్రం గుర్తుంటుంది.”

సంస్కారమనగా ఏమో వివరించుటకు నాకు అంతకంటె మంచి ద్వారము దొరకలేదు. యోగభ్రష్టుని పూర్వాభ్యాసము నశింపదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు అర్జునునకు చెప్పిన మాట వానికి ఆ రాత్రియే చెప్పితిని. అయితే సంస్కారము ఆత్మ కాదు, ఆ సంస్కారమునకు సాక్షియైనది వేరొకటి కలదనియు చెప్పితిని. వాడు చాలసేపు నిద్రపోలేదు.

నిషేధించినచో ఆ ప్రశ్న పుట్టెడిదా? పిల్లలకు విరోచనుని కథ చెప్పని దోషము మనది. దానిని ఆట చేసినవారిపై మోపుట న్యాయము కాదు. ఆస్తికులారా, ల్యాప్‌టాప్ మూయింపకుడు. ప్రక్కన కూర్చుండి ఒక ప్రశ్న అడుగుడు.

స్వస్తి.