ద్రవాహారమంటే వట్టి నీళ్లు కాదు

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషికి ఏం పెట్టాలి? లంఖణం పరమౌషధమన్నారు గదా అని చాలామంది రోజుల తరబడి బార్లీనీళ్లతో సరిపెట్టేస్తారు. మా పక్కింటి పిన్నిగారూ అదే చేశారు. బాబాయిగారికి పేగు ఆపరేషనయింది. "కొన్నాళ్లు ద్రవాహారమే ఇవ్వండి" అన్నారు డాక్టరుగారు. పిన్నిగారికది "వట్టి నీళ్లే" అని వినిపించింది. అయిదోనాడు బాబాయిగారు మంచం దిగబోయి, కళ్లు తిరిగి గోడవారన కూలబడ్డారు.

"గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. బార్లీనీళ్లలో అవెక్కడున్నాయమ్మా?" అని డాక్టరుగారు మెత్తగా మందలించారు.

ద్రవాహారం రెండు రకాలు. మొదటిది తేట ద్రవాలు: వడకట్టిన బార్లీనీళ్లు, కొబ్బరినీళ్లు, పలచని చారుతేట, పాలు కలపని టీ. ఇవి దాహం తీరుస్తాయి, పేగుకు శ్రమ ఇవ్వవు. కాని బలం బహు తక్కువ. అందుకే సాధారణంగా ఒకటి రెండు రోజులకు మించి వీటితోనే ఉంచరు.

రెండవది నిండు ద్రవాలు: పాలు, మజ్జిగ, సగ్గుబియ్యం జావ, రాగిజావ, వడకట్టిన పెసరకట్టు. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి.

రాగిజావ చేయడం తేలిక. చెంచాడు పిండిని చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే గ్లాసెడు నీళ్లలో పోసి, కలియబెడుతూ ఉడికించండి. చల్లారాక వడకట్టి, ఉప్పు, పలచని మజ్జిగ కలిపి ఇవ్వండి.

ఏదయినా ఒక్కసారే గ్లాసు నిండా తాగించవద్దు. రోగిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, రెండేసి గంటలకోసారి అరగ్లాసు చొప్పున ఇవ్వండి. మధుమేహముంటే పంచదార విషయం, మూత్రపిండాల జబ్బుంటే కొబ్బరినీళ్ల విషయం డాక్టరునడగండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. వాంతులయినా, పొట్ట ఉబ్బినా అన్నీ ఆపి వెంటనే కబురు చేయండి.

ఈ రోజుల్లో చాలా ఆపరేషన్లకు అదేరోజో మర్నాడో ద్రవాలు మొదలుపెడుతున్నారు. అన్ని ఆపరేషన్లకూ ఒకే పథ్యం కుదరదు. కనుక ఇంటికి బయలుదేరే ముందే మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోండి: ఏ ద్రవాలు, ఎన్నాళ్లు, ఆ తరవాత ఏమిటి?

పిన్నిగారి వంటింటి గోడకు ఇప్పుడా కాగితం వేలాడుతోంది. బాబాయిగారు మెత్తని పెరుగన్నం దాకా వచ్చారు. ఆవకాయ ఎప్పుడని అడగడం కూడా మొదలెట్టారు!