కావలివారి చేతి యంత్రము

2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు కట్టిన రెండు బాంబులు ప్రేలి 18 మందిని బలిగొన్నవి. నూరుమందికి పైగా గాయపడిరి. ఆ సైకిళ్ళు బహిరంగవీధిలో నుండెను గనుక ఏ గుమ్మమునందలి యంత్రమును వానిని పట్టజాలకుండెడిది. ఐనను ఆ గాయము నెఱిగిన ఈ ప్రాంతమున మెట్రో స్టేషనులందును, మాళ్ళయందును నిలిపిన మెటల్ డిటెక్టరు వట్టి యలంకారముగా మిగులుట మనకు తగునా?

హయత్‌నగర్ నుండి బస్సులో వచ్చి ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కు ఉద్యోగిని చూడుడు. ద్వారబంధము దాటగనే గంట మ్రోగును. అతడు ఆగడు. కావలివాడు చేతియంత్రమును ఒక్కమారు అటునిటు ఆడించి పొమ్మనును. మ్రోగినది తాళపుచెవులకో, కత్తికో ఎవ్వరును విచారింపరు.

నేరము కావలివానిదని తీర్పు చెప్పుట సులభము, న్యాయము కాదు. యంత్రములోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి అయస్కాంతక్షేత్రమును పుట్టించును. అందు లోహము ప్రవేశించినచో దానిలో సుడిప్రవాహములు పుట్టి క్షేత్రము కలత చెందును. ఆ కలతయే గంటయై మ్రోగును. లోహము కలదని తెలుపుట వఱకే యంత్రముపని. అది ఏమి లోహమో తేల్చవలసినవాడు మనుష్యుడు. అతని చేయి అలసిన, చెవి విసిగిన, యంత్రమెంత సూక్ష్మమైనను నిష్ఫలమే.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహములోని గుండును వెదకుటకు గ్రాహంబెల్ ఇట్టి యంత్రమునే తెచ్చెను. పరుపులోని ఉక్కుతీగలు దానిని తికమకపెట్టినవని చెప్పుదురు. పరిసరముల నెఱుగని యంత్రము పొరపడుననుటకు ఇది తొలిపాఠము. ఇనుప కటకటాల ప్రక్కనే ద్వారబంధమును నిలుపువారు ఈ పాఠము నేర్చుకొనవలదా?

కావున మేము కోరునది స్వల్పము. చేతియంత్రము తేలికగా నుండవలెను. దాని బరువు మణికట్టుపై పడక పిడివైపున నిలువవలెను. పాదముల వఱకు శోధించుటకు దినమున వందలమార్లు వంగవలసిన యగత్యము తగ్గవలెను. రొదలో వినబడని కూతకు తోడు చేతికి తెలియు కంపనము కావలెను. లోహము దేహమున ఏ యెత్తున నున్నదో చూపు దీపములు కొన్ని ద్వారబంధములకు కలవు, అన్నిటికిని కావలెను. చక్రాలకుర్చీ పట్టు వెడల్పు గల దారి యుండవలెను. గుండెకు పేస్‌మేకరు గలవారికి, ఎముకలో ఉక్కుకడ్డీ గలవారికి నలుగురిలో అవమానము కలుగని వేఱు శోధన యుండవలెను.

1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఈ నగరముననే కలదు. వోటుయంత్రమును నిర్మించిన నేర్పరులకు ఈ పిడిని సరిదిద్దుట భారమా? స్వదేశీ యనగా దేశమున బిగించిన పెట్టె మాత్రమే కాదు. ఈ దేశపు ఎండను, గుంపును, కూలివాని నడుమునొప్పిని ఎఱిగి చేసిన వస్తువు.

యంత్రములు కొను అధికారులు తక్కువ ధరతోపాటు మఱియొక నిబంధనను టెండరులో చేర్చవలెను: కావలి కాయు స్త్రీపురుషులు వారము దినములు వాడి మేలనినదే కొనవలెను. రూపకల్పన చేయు ఇంజనీరు తన నకాసుపై సంతకము చేయుటకు ముందు, ఎల్.బి. నగర్ గుమ్మమున ఒక్క పూట ఆ యంత్రమును చేతబట్టి నిలువవలెను. దిల్‌సుఖ్‌నగర్ మృతుల పేర వెలిగించు దీపములతోపాటు ఈ చిన్నపనియు జరుగవలెనని మా మనవి.