రక్తపరీక్షను నమ్ముకొని దగ్గును దాచవద్దు



ఊపిరితిత్తుల కేన్సర్ కణాలలోని కొన్ని ప్రోటీన్లను మన శరీరం శత్రువులుగా ఎంచి యాంటీబాడీలను తయారుచేస్తుంది. వాటిని రక్తంలో గుర్తించే పరీక్షను స్కాట్లండ్‌లో సుమారు 12,200 మందిలో సగంమందికి చేశారు. పాజిటివ్ వచ్చినవారికి సి.టి. స్కాన్ తీశారు. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష చేసిన వర్గంలో ముదిరిన దశలో బయటపడిన కేన్సర్లు తగ్గాయి. దేవునికి స్తోత్రం.

కాని ఆ వర్గంలో రెండేళ్లలో కేన్సర్ తేలిన 56 మందిలో 18 మందికే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. మిగతా 38 మందికి నెగటివే!

అందుకే నా మనవి. రిపోర్టు బాగుందని బీడీ, చుట్ట కొనసాగించవద్దు. దగ్గు మూడు వారాలు దాటినా, కళ్లెలో రక్తం పడినా వెంటనే రండి. టి.బి. మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోతే, మొహమాటపడక మళ్లీ చెప్పండి.