రాజు, రోజా ఒకటే ఫైలా?

"తెలుగులో ఫైలు పేర్లు పెట్టకండి, కంప్యూటర్‌కి పడవు" అని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. విచిత్రం ఏంటంటే వాళ్ళలో చాలామంది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. విండోస్, లినక్స్, మ్యాక్.. ఏదైనా సరే తెలుగు పేరుని నిక్షేపంగా దాచుకుంటుంది. పడనిది కంప్యూటర్‌కి కాదు, పేర్లు మార్చడానికి మనవాళ్ళు రాసే ఐదు లైన్ల ప్రోగ్రాముకి.

మా జంగారెడ్డిగూడెంలో ఒక ఫొటో స్టూడియో సంగతి చెప్తాను, పేరు అనవసరం. పెళ్ళికి రెండు కెమెరాలు వెళ్తాయి. రెండూ ఒకే కంపెనీవైతే ఫైలు పేర్లు కూడా ఒకేలా పెడతాయి, 9999 దాటగానే మళ్ళీ 0001కి వచ్చేస్తాయి. రెండు కార్డుల్లోవీ ఒకే ఫోల్డరులో పొయ్యాలంటే పేర్లు మార్చక తప్పదు. ఒక్కోదానికీ ఎఫ్2 నొక్కుతూ కూర్చుంటే కుర్రాడికి రెండ్రోజులు పడుతుంది. అందుకని తెలిసినాయనొకరు పైథాన్‌లో ప్రోగ్రాము రాసి, తన లినక్స్ ల్యాప్‌టాప్‌కి వాళ్ళ హార్డ్‌డిస్కు తగిలించి నడిపాడు. ఫొటోలన్నిటికీ వరసగా కొత్త నంబర్లు పడ్డాయి. స్టూడియో వాళ్ళు చేత్తో తెలుగులో పేరు పెట్టుకున్న కొన్ని ఫొటోల్లో మాత్రం "పిచ్చి గుర్తులు" తీసేసిందట. చూస్తే పెళ్ళికొడుకు ఫొటో లేదు!

"తెలుగులో పెడితే అంతేనండీ" అన్నాట్ట ఆయన.

అంతే ఏంటండీ? అక్షరం, అంకె కానిదాన్నల్లా అండర్‌స్కోరు చెయ్యమని ప్రోగ్రాములో రాశాడు. పైథాన్‌తో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మాడ్యూలు లెక్కలో 'ర' అక్షరమే గానీ, దాని పక్కనున్న దీర్ఘం, కొమ్ము అక్షరాలు కావు. అంచేత "రాజు" కాస్తా "ర_జ_" అయ్యాడు. "రోజా" కూడా "ర_జ_" అయ్యింది. లినక్స్‌లో ఆల్రెడీ ఉన్న పేరే ఇంకో ఫైలుకి పెడితే, పైథాన్ రీనేమ్ నోరెత్తకుండా ముందున్నదాన్ని తుడిచేస్తుంది. విండోస్‌లోనైతే ఎర్రర్ ఇచ్చి ఆగేది. పెళ్ళి అంటే ఇద్దరూ ఒకటవ్వడమే గానీ మరీ ఇలాగా :-)

ఎ నుంచి జెడ్ వరకూ తప్ప అన్నీ పీకెయ్యమని రాసేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళ చేతిలో "తలంబ్రాలు", "రిసెప్షన్" రెండూ తొమ్మిదేసి అండర్‌స్కోర్లవుతాయి. గుణింతాలు, పొల్లులు విడిగా లెక్కెట్టి చూస్కోండి.

ఈసారి కెమెరా కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి ఫొటో దొరికింది. కార్డు వేరే పెళ్ళికి వాడేసి ఉంటే? ఈ పెళ్ళిలో అక్షింతలేసిన తాతగారు వచ్చే పెళ్ళికి ఉంటారని ఎవరు చెప్పగలరు?

బ్యాకప్ ఉంచుకుంటే సరిపోదా అంటారు. చాలదు. ఆల్బమ్‌కి ఏ ఫొటోలు కావాలో పెళ్ళివారు నోటుబుక్కులో పాత నంబర్లు రాసిచ్చారు. బ్యాకప్ ఫొటోని తిరిగిస్తుందేమో గానీ, ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో చెప్పదు కదా. ఆ నోటుబుక్కు చిత్తు కాగితం అయిపోయింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, మా ఊరు పశ్చిమ గోదావరి లోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. అలాగని పొలాల పాత దస్తావేజుల్లో పశ్చిమ గోదావరి అన్నచోట ఎవరైనా వైట్‌నర్ పూశారా? పొలం చేతులు మారితే కొత్త దస్తావేజులో పాతదాని నంబరు రాస్తారు. దస్తావేజు లేఖరికున్న ఈపాటి బుద్ధి ఇంజనీరు చదివినవాడికి ఉండొద్దా?

పని కూడా పెద్దదేం కాదు. ప్రోగ్రాము మొదట ఏ ఫైలునీ ముట్టుకోకుండా పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చిట్టా రాయాలి. కొత్త పేర్లలో ఏ రెండైనా ఒకటైతే అక్కడే ఆగిపోవాలి. మనిషి ఆ చిట్టా చూసి సరేనన్నాకే మార్చాలి. 1ని 2గా, 2ని 3గా మార్చేటప్పుడు మొదట్నించీ మొదలెడితే 2 గోవిందా, కాబట్టి ముందు అన్నిటికీ తాత్కాలికంగా వేరే పేర్లు పెట్టాలి. ఇదంతా కలిపి ఇంకో ఇరవై లైన్లు. ఇప్పుడైతే ఏ ఏఐని అడిగినా రాసిచ్చేస్తుంది, కానీ చిట్టా కావాలని, పేర్లు తెలుగులో ఉన్నాయని మీరే చెప్పండి. చెప్పకపోతే మళ్ళీ ఆ ఐదు లైన్లే మీ చేతికి రావచ్చు.

ఆ చిట్టాని మాత్రం అదే ఫోల్డరులో పెట్టకండి, దాని పేరు కూడా మార్చేస్తుంది.