పైసలొస్తే చాలదు, పని పుట్టాలి

ఆఫ్రికా విడిచి బయట బతుకుతున్న నల్లజాతి ప్రజలు రెండు రకాలు. ఒకరు, గొలుసులేసి ఓడల్లో తోలుకుపోయి అమ్మిన బానిసల వారసులు. రెండోవారు, కడుపు చేతబట్టుకుని పారిస్, లండన్, న్యూయార్క్ పోయిన కూలీలు, నర్సులు, డ్రైవర్లు. ఇప్పుడు అక్కడి ప్రభుత్వాలు ఇద్దర్నీ పిలుస్తున్నాయి. పుట్టినగడ్డ మీద పెట్టుబడి పెట్టండి, మన పిల్లలకు ఉద్యోగాలివ్వండి అంటున్నాయి. 1619లో వర్జీనియాకు బానిసలు చేరి 400 ఏళ్ళయిందని ఘనా ప్రభుత్వం 2019ని 'తిరిగి వచ్చే సంవత్సరం'గా ప్రకటించింది.

పిలుపు మంచిదే. అయితే కుర్చీ ఎవరికి వేస్తున్నారు? సూటేసుకుని వచ్చే పెట్టుబడిదారుకు ముందు వరుస. హోటల్లో గిన్నెలు కడిగి నెలనెలా ఇంటికి పైసలు పంపేటోడికి ఎక్కడ?

వాడి పైసలేమన్నా తక్కువా? ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాలకు 2023లో వలస పోయినోళ్ళు పంపింది సుమారు 5,400 కోట్ల డాలర్లు. 200 డాలర్లు పంపితే అందులో సుమారు 16 డాలర్లు పంపించే కంపెనీలే మింగుతున్నాయి. ప్రపంచంలో ఇంత కోత ఇంకెక్కడా లేదు. మిగిలింది తిండికి, బడి ఫీజుకి, మందులకి పోతుంది. అది తప్పు కాదు, బతకాలి కదా! కానీ ఊళ్ళో పని పుట్టకపోతే ఆ పైసలతో పెరిగిన కొడుకు కూడా మళ్ళీ పడవెక్కుతాడు. ఐరోపా చేరబోయి మధ్యధరా సముద్రంలో మునిగి చచ్చినోళ్ళు 2014 నుంచి వేలల్లో ఉన్నారు.

పేదోళ్ళ పైసలు పోగేసి పెట్టుబడి చేయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. జమైకాలో పుట్టిన మార్కస్ గార్వే 1919లో న్యూయార్క్‌లో 'బ్లాక్ స్టార్ లైన్' అనే ఓడల కంపెనీ పెట్టాడు. వాటా ఐదు డాలర్లు. పనిమనుషులు, కూలీలు ఎగబడి కొన్నారు. అమ్మినోళ్ళు పాత ఓడల్ని ఎక్కువ ధరకు అంటగట్టారు. నిర్వహణ కుదరలేదు. అమెరికా ప్రభుత్వం వెంటపడింది. ఒక్క ఓడ కూడా ఆఫ్రికా చేరకుండానే 1922లో కంపెనీ ఆగిపోయింది. 1923లో గార్వేకి శిక్ష వేశారు, 1927లో దేశం దాటించారు. క్షమాభిక్ష 2025లో, చచ్చిపోయిన 85 ఏళ్ళకు వచ్చింది! గార్వే నేర్పిన పాఠం రెండు వైపులా ఉంది. పేదోళ్ళ దగ్గర పెట్టుబడి ఉంది. దాని లెక్క పేదోళ్ళ చేతిలో లేకపోతే అది నిలవదు.

లెక్క చేతిలో పెట్టుకున్నోళ్ళు కూడా ఉన్నారు. 1973 ప్రాంతంలో సహారా అంచు దేశాల్లో ఘోరమైన కరువొచ్చింది. ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న కొందరు పశ్చిమాఫ్రికా కూలీలు కూర్చుని ఆలోచించారు. ఎంతకాలం గింజలకు పైసలు పంపుతాం? మనమే పండిద్దాం అనుకున్నారు. ఫ్రెంచి రైతుల పొలాల్లో సేద్యం నేర్చుకున్నారు. 1977లో తిరిగొచ్చి మాలీ దేశంలో కాయ్ ప్రాంతాన, సెనెగల్ నది ఒడ్డున 'సొమాంకిది కూరా' అనే సహకార సేద్యం మొదలుపెట్టారు. నది నీళ్ళు తోడి కూరగాయలు, పండ్లు పండించారు. పారిస్‌లో సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన బూబా తూరే అందులో ఒకడు. ఆ ఊరి కథను ఫోటోల్లో దాచింది అతనే. ఏ మంత్రీ వాళ్ళకు ముందు వరుసలో కుర్చీ వేయలేదు. పంట మాత్రం పండింది, ఊరు నిలిచింది.

దీన్ని పక్కన పెట్టుకుని ఇప్పటి పథకాల్ని చూడండి. నైజీరియా ప్రభుత్వం 2017లో విదేశాల్లో ఉన్న తన జనానికి బాండ్లు అమ్మి 30 కోట్ల డాలర్లు తెచ్చింది. అది ప్రభుత్వానికి అప్పు. వడ్డీ వచ్చింది సరే, ఆ సొమ్ము ఏ ఊరికి పోవాలో చెప్పే హక్కు ఇచ్చినోడికి లేకపోయింది.

కాబట్టి పెట్టుబడి వస్తుందనగానే చప్పట్లు కొట్టొద్దు. మూడు ప్రశ్నలు అడగాలి. భూమి ఎవరి పేరున ఉంది? లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది? పనిచేసేటోడికి కూలి ఒక్కటేనా, వాటా కూడా ఉందా? దొర రంగు మారి తెల్లోడి బదులు నల్లోడు వచ్చినంత మాత్రాన కూలోడి బతుకు మారదు.

1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరుని అమెరికా నల్లజాతి బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకున్నారు. పేరు తీసుకున్నట్టే ఈ ప్రశ్నల్నీ తీసుకుందాం. దుబాయి, మస్కట్ పైసలొచ్చే మన వాడల్లో కూడా అడుగుదాం. చెమట మనదైనప్పుడు వాటా కూడా మనదే కావాలి!